ఎవరి పోలిక

మంచు మీద చల్లబడి కదలిక మానేసిన ఈగను జ్యోత్స్న కుంచె కొసతో వెల్లకిలా తిప్పింది. కొన కత్తిరించిన సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోకి దాన్ని జార్చి, తలా ముందరి కాళ్ళూ బయటికి వచ్చేదాకా వెనక నుంచి మెల్లగా ఊదింది. అరటిపళ్ళ మీద ముసిరే రకం ఈగ, నువ్వుగింజంత కూడా ఉండదు. మైక్రోస్కోపు కింద అది మళ్ళీ కాళ్ళు ఆడించేదాకా ఆగి, సిరంజి కొసన నిలబెట్టిన చక్కెర నీటి బొట్టును దాని పాదాలకు తాకించింది. ఈగ తొండం చాచింది. జ్యోత్స్న ఆ బొట్టు తాగనివ్వకుండా వెనక్కి తీసుకుని సిరంజి మార్చింది. ఈసారి చక్కెరలో క్వినైన్ కలిసి ఉంది. నిన్నటి నుంచి తిండి లేని ఈగ కాస్త తటపటాయించి, ఆ చేదునూ అందుకుంది.

"తాగింది," అంది జ్యోత్స్న. పక్కన కూర్చుని పనిలో సాయం చేసే సహన కంప్యూటర్లో గుర్తు పెట్టింది.

ఆకలి మీద ఉన్న ఈగ చేదును లెక్కచెయ్యదు. కడుపు నిండితే మొహం తిప్పేసుకుంటుంది. ఇది అందరికీ తెలిసిందే. జ్యోత్స్న గమనించింది వేరు. ఆకలితో బాగా ఎండిపోయిన ఈగల్లో కొన్ని, తర్వాత ఎంత తిండి పెట్టినా చేదును తాగుతూనే ఉన్నాయి. వాటి మెదడులో చేదును అడ్డుకునే కణాలు ఒకసారి పక్కకు తప్పుకుని మళ్ళీ తమ చోటికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో తేల్చాలి. ఆ పనికోసమే, కొత్తగా సొంత ప్రయోగశాల పెట్టుకోబోయే శాస్త్రవేత్తలకు సాయం చేసే ఒక నిధికి దరఖాస్తు పెట్టింది. అది వస్తే అమరనాథ్ గారి ప్రయోగశాలలో ఒక మూల బల్ల కాకుండా తనకంటూ ఒక గది వస్తుంది. రాకపోతే ఇంకో నిధి లేదు. మిగతా అన్నింటికీ వయసు దాటిపోయింది.

ఫోన్ మోగింది. సహన చూసి, "జయరామప్ప సార్ అక్కా, ఆఫీసు నుంచి," అని అందించింది.

పరిశోధన విభాగం ఆఫీసు సూపరింటెండెంటు జయరామప్ప ఈ కన్నడ నగరంలోనే, కాటన్‌పేటలో పుట్టి పెరిగినవాడు. ఆయన తాతలు అక్కడ బట్టల వ్యాపారం చేశారు. ఈ సంస్థలో ఆయనతో తెలుగులో మాట్లాడేవాళ్ళు కొద్దిమందే. అందుకని జ్యోత్స్న వస్తే ఆయన కుర్చీ లాగి మరీ కూర్చోబెడతాడు. ఆయన పిలుపు మీద ఆమె కిందికి దిగి ఆఫీసుకు వెళ్ళింది.

"రండమ్మా, కూర్చోండి. బేజారు చేసుకోవద్దండి, పెద్ద విషయమేం కాదు. మీ అర్జీ వెనక్కొచ్చింది. ఒక్క కాగితం తక్కువుండాది, అంతే."

"ఏ కాగితం సార్?"

"మీకు వయసు కొంచిం దాటింది కదా. బిడ్డ పుట్టిన ఆడవాళ్ళకు ఒక సంవత్సరం సడలింపు ఉండాది. మీరు ఆ గడిలో టిక్కు పెట్టినారు. పెట్టి, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం జత చేసినారు. అది ఒప్పుకోరంట. బిడ్డ బర్త్ సర్టిఫికెట్ పెట్టేస్తే అయిపోతాది."

"అది లేదు సార్."

"పోయిందా? దానికేముంది, కార్పొరేషన్లో ఇంకొకటి ఇస్తారు. మా మనవరాలిది కూడా..."

"పోలేదు సార్. బాబు పుట్టేసరికే ప్రాణం లేదు. ఆ డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది."

జయరామప్ప మౌసు వదిలేశాడు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తెర మీది కాగితాన్ని ఇప్పుడు మొదటిసారి కింది దాకా చదివాడు.

"నేను పైపైన చూసేసినానమ్మా," అన్నాడు. "తప్పైపోయింది."

"మీ తప్పేం లేదు సార్."

"ఉండండి. మనం వాళ్ళతోనే మాట్లాడదాం." ఢిల్లీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, ఫోన్ బల్ల మధ్యకు జరిపాడు. అవతల ఒక కుర్రాడి గొంతు, ఎంతో మర్యాదగా, ఇంగ్లీషులో. జ్యోత్స్న తన సంగతి చెప్పింది. ఎన్నోసార్లు మనసులో అనుకున్న వాక్యాలే కాబట్టి తడబడలేదు. అయిదో నెల నుంచి మంచం మీద ఉంది. ప్రసవం తర్వాత చాలా రోజులు ఐసీయూలో ఉంది. ఇంటికొచ్చాక కూడా నడవడానికి నెలలు పట్టింది. మొత్తం మీద ఏడాది పైనే పోయింది.

"అర్థమైంది మేడమ్. కానీ ఆ సడలింపు బిడ్డను పెంచడం కోసం. పెంచడానికి బిడ్డ ఉండాలి కదా."

జయరామప్ప తల వంచుకున్నాడు.

"నిబంధనలో ప్రసవం అనే ఉంది," అంది జ్యోత్స్న. "నేను ప్రసవించాను."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. ఆ కుర్రాడు ఎవరినో అడిగి వచ్చాడు. ఐయామ్ సారీ మేడమ్ అని మొదలుపెట్టి, ఒక దారి ఉంది అన్నాడు. సంస్థ ద్వారా తమ డైరెక్టరుకు ఒక విన్నపం పెట్టుకోవచ్చు. మానవతా దృక్పథంతో చూడమని. శుక్రవారం లోపల పంపాలి.

ఫోన్ పెట్టేశాక జయరామప్ప లేచి ఫ్యాను వేగం పెంచాడు. అది అప్పటికే గట్టిగా తిరుగుతోంది.

"పంపేద్దామమ్మా," అన్నాడు. "దోవంటూ ఒకటి ఉండాది కదా."

*

కె.ఆర్.పురంలో మెట్రో దిగేసరికి సన్నటి జల్లు పడుతోంది. వంతెన కింద బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడిపోయాయి. జ్యోత్స్న గొడుగు తియ్యకుండానే నడిచి ఇంటికి చేరింది.

తల్లి ఎలిజబెత్ తలుపు తీసి, తువ్వాలు చేతికిచ్చింది. ఆమె చీరాల ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. కూతురి కాన్పుకని వచ్చి, ఇక తిరిగి వెళ్ళలేదు. ఎప్పుడు వెళ్తావని ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు. భర్త రాజేశ్ మహదేవపుర ఆఫీసు నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, మెళ్ళో ఇంకా ఆఫీసు కార్డు వేలాడుతోంది.

భోజనాల దగ్గర చెప్పింది. కాగితం వెనక్కి వచ్చిన సంగతి, ఢిల్లీ కుర్రాడు అన్న మాట, విన్నపం సంగతి. రాజేశ్ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"ఏమని రాస్తావు అందులో?"

"జరిగింది రాస్తాను."

"వద్దు జ్యో."

"ఎందుకు?"

"వాణ్ణి చూపించి అడుక్కున్నట్టు ఉంటుంది."

వాణ్ణి అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట వినపడటం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ముగ్గురూ 'అప్పుడు' అనేవాళ్ళు. 'ఆస్పత్రి టైములో' అనేవాళ్ళు. ఎలిజబెత్ గరిటె పట్టుకున్న చెయ్యి గిన్నె మీద అలాగే నిలిచింది.

"అడుక్కోవడం కాదు," అంది జ్యోత్స్న. "ఆ ఏడాది నేనెక్కడికి పోయానో చెప్పడం."

"వాళ్ళకు చెప్పడానికి వాళ్ళెవరు?"

"మరి ఎవరికి చెప్పను రాజేశ్?"

అతని కళ్ళు ఎర్రబడ్డాయి. కోపమో ఏమో ఆమెకు తెలియలేదు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అతని ముఖం చదవడం ఆమె మానుకుంది. అతను కూడా ఆమె ముఖంలోకి నేరుగా చూడటం మానుకున్నాడు.

"అన్నం దగ్గర వద్దమ్మా," అంది ఎలిజబెత్. "రాజేశ్ బాబూ, మజ్జిగ పోసుకో."

రాజేశ్ మజ్జిగ పోసుకున్నాడు. ముగ్గురూ తిన్నారు. తర్వాత అతను గిన్నెలన్నీ తనే తోమాడు, ఎలిజబెత్ వద్దంటున్నా వినకుండా, తోమిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోముతూ.

*

విన్నపం జ్యోత్స్న చిన్నగా రాసింది. నేను ఫలానా ఏడాది ప్రసవించాను, శిశువు మృతి చెందాడు, అనారోగ్యం వల్ల ఏడాదికి పైగా పనికి దూరంగా ఉన్నాను, నిబంధనలో ఉన్న సడలింపు నాకూ వర్తింపజేయాలి. నాలుగు వాక్యాలు. శిశువు మృతి చెందాడు అన్నచోట ఎన్నో మాటలు మార్చి చూసింది. ఏ మాటా ఆమెకు సరిపోలేదు. చివరికి ఆస్పత్రి వాళ్ళు రాసిన మాటే ఉంచేసింది.

అమరనాథ్ దాన్ని బల్ల మీద పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మంచి మనిషి. ఆమె ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమె ఈగల సంతతి ఒక్కటీ చావకుండా సహన చేత కొత్త సీసాల్లోకి మార్పిస్తూ వచ్చినవాడు. గొంతెత్తి మాట్లాడటం ఎవరూ వినలేదు.

"బాగుంది," అన్నాడు. "కానీ ఇది హక్కు అడిగినట్టుంది."

"హక్కే కదా సార్."

"నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ చూడమ్మా, నీకు హక్కు ఉందో లేదో తేల్చాలంటే వాళ్ళు ఒక కమిటీ వెయ్యాలి. అది తేలేసరికి ఈ ఏడాది ఇంటర్వ్యూలు అయిపోతాయి. దయ చూపించడానికైతే డైరెక్టరు ఒక్క సంతకం పెడితే చాలు."

పెన్ను తీసి, చివరి వాక్యంలో 'వర్తింపజేయాలి' కొట్టేశాడు. 'నా దుఃఖకరమైన పరిస్థితిని దృష్టిలో ఉంచుకుని, దయతో అనుమతించగలరని ప్రార్థన' అనే అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో రాశాడు. ఆయన దస్తూరి ముత్యాల్లా ఉంటుంది.

జ్యోత్స్న ఆ కాగితాన్ని చూస్తూ కూర్చుంది.

"రెండు ముక్కల కోసం పోట్లాట పెట్టుకోవద్దు జ్యోత్స్నా," అన్నాడు, ఎంతో మెత్తగా. "లోపలికి వెళ్ళడం ముఖ్యం. ఒకసారి వాళ్ళ ముందు కూర్చున్నాక నీ సైన్సే మాట్లాడుతుంది."

ఆ మాట నిజమే అనిపించింది. శుభ్రంగా టైపు చేసి తెచ్చి, ఆయన ముందే నిలబడి సంతకం పెట్టింది. పేరులో చివరి అక్షరం దగ్గర పెన్ను ఆగింది, సిరా అయిపోయిందేమో అనుకుని విదిలించి చూసింది. సిరా ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికే అనుమతి వచ్చింది. జయరామప్ప ఫోన్లో చెప్పకుండా మెట్లెక్కి ఈగల గది దాకా వచ్చి మరీ చెప్పాడు. సహన గట్టిగా ఈల వేసింది. ఆ సంతోషంలో జ్యోత్స్న కూడా నవ్వింది. విన్నపం సంగతి కాసేపు మర్చిపోయింది.

ఇంటర్వ్యూకు ముందు రోజు సహన తనే బోర్డు సభ్యురాలిలా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. కోలారు వైపు పిల్ల, మాటలో మొహమాటం ఉండదు.

"ఆకలి తీరినాక కూడా మీ ఈగలు చేదు తాగతాండాయి అంటారు. అవి జబ్బు చేసిన ఈగలు కావని గ్యారంటీ ఏంది మేడమ్?"

"నడక చూశాం. బరువు చూశాం. చక్కెర మీద ఇష్టం చూశాం. అన్నీ మామూలే. చేదు దగ్గరే తేడా."

"సరే. ఈ కణాలే కారణం అని ఎట్లా చెప్తారు? వీటిని ఆపేసి చూసినారా?"

జ్యోత్స్న ఆగింది. అది తన పనిలోని బలహీనమైన చోటు. ఎవరైనా అక్కడే వేలు పెడతారు. "ఇంకా లేదు. ఇన్నాళ్ళూ మా దగ్గర ఆ కణాలను ఒక్కటొక్కటిగా ఆపగలిగే ఈగలు లేవు. నేను పెంచుతున్న సంతతి ఇప్పుడు సిద్ధంగా ఉంది. ఒక రంగు వెలుతురు వేస్తే ఆ కణాలు ఆగిపోతాయి, ఇంకో రంగుకు తిరిగి నడుస్తాయి. ఎండిపోయి కోలుకున్న ఈగలో వాటిని తిరిగి నడిపితే చేదు మళ్ళీ చేదుగా తగలాలి. తగలకపోతే నా ఊహ తప్పు. ఆ సంగతి మొదటి ఏడాదిలోనే తేలిపోతుంది."

"తప్పైతే?"

"తప్పని రాస్తాను. అప్పుడు వెతకాల్సింది మెదడులో కాదు, తొండంలో."

సహన కాలు దించేసింది. "అక్కా, ఆ మాట ఇట్లే చెప్పండి," అంది. "నేనైతే ఇచ్చేస్తా."

*

ఇంటర్వ్యూలు ఊళ్ళోనే ఇంకో సంస్థలో. పొడుగాటి వరండాలో కుర్చీలు వేశారు. ఫ్లాస్కులో కాఫీ పెట్టారు. పిలుపు కోసం చూస్తున్నవాళ్ళందరూ తనకంటే చిన్నవాళ్ళు. ఒకతను లోపలి నుంచి వచ్చి టై వదులు చేసుకుంటూ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"చంపేశారండీ," అన్నాడు ఇంగ్లీషులో, ఎవరితోనో తెలియకుండానే. "ఒక్క మాట నమ్మలేదు. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు, ఎందుకు."

జ్యోత్స్నకు భయం వెయ్యలేదు. చాలా రోజుల తర్వాత ఒంట్లో చురుకు పుట్టింది. ఆ తలుపు వెనక తనను ఎవరో ఎందుకు అని అడగబోతున్నారు.

పేరు పిలిచారు. లోపల అర్ధచంద్రంగా బల్లలు, వాటి వెనక సభ్యులు. ఒక్కొక్కరి ముందూ ఆమె ఫైలు ఉంది. తెరిచి ఉన్న ఫైళ్ళన్నింటిలోనూ పైన కనిపిస్తున్నది ఆ విన్నపమే. ఛైర్మన్ నెరిసిన జుట్టు పెద్దాయన, నాడీశాస్త్రంలో పేరున్నవాడు. ఆయన రాసినవి చదివే ఆమె ఈ దారికి వచ్చింది.

ఆమె చెప్పింది. బొమ్మలు చూపించింది. ఎండిన ఈగ తొండం చాచి చేదు అందుకోవడం తెర మీద పెద్దగా కనిపించినప్పుడు ఒకరిద్దరు ముందుకు వంగారు. తన పని పూర్తిగా తన చేతిలో ఉన్నట్టు అనిపించింది. చివరి బొమ్మ దగ్గర ఆగి, "ఇక మీ ప్రశ్నలు," అంది.

ఎడమ చివర కూర్చున్న సన్నటి మనిషి పెన్ను ఎత్తాడు. "ఈ కణాల విషయంలో మీరు..." అని మొదలుపెట్టాడు.

ఛైర్మన్ అతని వైపు చూశాడు. చూసి, బల్ల మీద అరచెయ్యి కొంచెం దించాడు, అంతే. సన్నటి మనిషి ఫైలు పై కాగితం వైపు చూసి పెన్ను కింద పెట్టేశాడు.

"చాలా బాగా చెప్పారు," అన్నాడు ఛైర్మన్. "మీ ఉత్తరం మేమంతా చదివాం. ఇంత జరిగాక కూడా మీరు పనిలోకి తిరిగి రావడమే గొప్ప. మీ ధైర్యాన్ని మెచ్చుకోవాలి."

"థాంక్యూ సార్. ప్రశ్నలేమైనా ఉంటే..."

"లేదు లేదు. అంతా తేటగా ఉంది."

పక్కనున్న ఒక సభ్యురాలు నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. జ్యోత్స్నకు దాహంగా లేదు. కానీ అందరూ తన వైపే చూస్తున్నారు కాబట్టి గ్లాసెత్తి తాగింది. తాగడం అయ్యేదాకా ఆ గదిలో ఎవరూ కదల్లేదు.

"సార్, ఆ కణాలను ఆపి చూడటం గురించి ఆయన అడగబోయారు," అంది. "చెప్పమంటారా?"

"అవసరం లేదమ్మా," అన్నాడు ఛైర్మన్, తండ్రిలాగా నవ్వుతూ. "ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి."

బయటికి వస్తే, తర్వాత వెళ్ళాల్సిన అమ్మాయి కాఫీ కప్పు పట్టుకుని ఉలిక్కిపడి లేచింది. తన వంతు అంత తొందరగా వస్తుందని ఆమె అనుకోలేదు.

రాజేశ్ ఫోన్ చేశాడు. "ఎలా జరిగింది?"

"బాగానే జరిగింది," అంది జ్యోత్స్న.

*

ఫలితాలు మరుసటి వారం వచ్చాయి. జయరామప్ప మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు. ఈసారి గదిలోకి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. జ్యోత్స్న మైక్రోస్కోపు మీంచి తలెత్తి చూసింది.

"లిస్టు వచ్చిందమ్మా," అన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"పర్వాలేదు సార్," అంది జ్యోత్స్న. ఆయన ఇంకా నిలబడి ఉంటే మళ్ళీ అంది, "పర్వాలేదు, మీరు వెళ్ళండి సార్."

అమరనాథ్ గదిలో ఆయన కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. బోర్డు అభిప్రాయం మూడు వాక్యాలు. సమస్య ఆసక్తికరం. అభ్యర్థి ప్రతికూల పరిస్థితులను ధైర్యంగా ఎదుర్కొన్నారు. అయితే ఆ కణాల పాత్రను ఎలా రుజువు చేస్తారన్నది అభ్యర్థి స్పష్టం చేయలేదు.

ఆమె మూడో వాక్యం దగ్గరే ఆగింది.

"అడగలేదు సార్."

"తెలుసు."

"ఒకాయన అడగబోయారు. నేను చెప్తానన్నాను. వద్దన్నారు."

"ఛైర్మన్ పొద్దున నాకు ఫోన్ చేశారమ్మా. చాలా బాధపడ్డారు. అంత కష్టం పడ్డదాన్ని ప్రశ్నలతో ఇబ్బంది పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదట." అమరనాథ్ తెరను మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. "నేనే ఆ ఉత్తరం అలా రాయకుండా ఉండాల్సింది."

"సంతకం నాదే కదా సార్."

"నేను రిటైరయ్యేదాకా నీ బల్ల నీకుంటుంది. ఆ తర్వాత ఏదో చూద్దాం."

ఆమె తల ఊపి వచ్చేసింది. ఆ తర్వాత ఏదీ ఉండదని ఇద్దరికీ తెలుసు. ఈగల గదిలో సహన ఏడుస్తూ కూర్చుంది. బల్ల మీద నిన్నటి నుంచి తిండి లేని ఈగల సీసాలు వరుసగా ఉన్నాయి.

"ఈ రోజుకు పరీక్షలొద్దులే," అంది జ్యోత్స్న. "వీటికి తిండి పెట్టేయ్." ఇద్దరూ కలిసి ఒక్కొక్క సీసా తలకిందులు చేసి, అడుగున తట్టి, ఈగలను తిండి ఉన్న సీసాల్లోకి దింపారు. అవి పడినచోటే తొండాలు దించేసి తిన్నాయి.

ఆమె పొద్దు ఉండగానే ఇల్లు చేరింది. వాన వెలిసి, వాకిట్లో ఇంకా నీళ్ళు కారుతున్నాయి. రాజేశ్ ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాడు. ఎలిజబెత్ సోఫాలో చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీస్తోంది. రాజేశ్ ఎదురుగా కింద కూర్చుని సాయం చేస్తున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"రాలేదు," అంది జ్యోత్స్న.

ఎలిజబెత్ "అయ్యో ప్రభువా," అని నెమ్మదిగా అంది.

"ఏం తప్పు పట్టారు? ఏం అడిగారసలు?"

"ఏమీ అడగలేదు."

"బాగా జరిగిందన్నావుగా."

"ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు రాజేశ్. నీళ్ళిచ్చి పంపించారు. నన్ను బాధపెట్టకూడదని." చెప్పులు విప్పుతూ గోడ పట్టుకుంది. "నేను ఏ పని చేస్తానో, ఎలా చేస్తానో ఎవరికీ వద్దు. పాపం అన్నారు, అయిపోయింది."

రాజేశ్ ఏదో తిట్టబోయి మానేశాడు. నేను అప్పుడే చెప్పాను అని అతను అనలేదు. అంటాడేమోనని ఆమె చూసింది. అతను చేతిలోని చిక్కుడుకాయను రెండుగా విరిచి, ఆ ముక్కల్ని మళ్ళీ విరుస్తున్నాడు.

"కాస్త పడుకో అమ్మా," అంది ఎలిజబెత్. "టీ పెట్టి ఇస్తాను. దాని గురించి ఇప్పుడేం మాట్లాడకు."

"అదేనమ్మా," అంది జ్యోత్స్న. "మనమూ అదే చేస్తున్నాం."

ఎలిజబెత్‌కు అర్థం కాలేదు. కానీ రాజేశ్ తలెత్తాడు. చాలా కాలం తర్వాత ఆమె కళ్ళలోకి నేరుగా చూశాడు.

జ్యోత్స్న వచ్చి తల్లి పక్కన కాదు, కింద, అతనికి ఎదురుగా కూర్చుంది. తడిసిన చున్నీ కూడా తియ్యలేదు.

"ఎవరి పోలిక?" అని అడిగింది.

ఎలిజబెత్ పళ్ళెం పక్కన పెట్టబోయింది, కాయలు కొన్ని నేల మీద పడ్డాయి.

"జ్యోతీ, ఇప్పుడెందుకే..."

"నువ్వు చూశావు. అతను చూశాడు. నాకు మెలకువ లేదు. నేనొక్కదాన్నే చూడలేదు."

"నువ్వు అడగలేదు కదే ఎప్పుడూ."

"మీరు అడగనివ్వలేదు."

ఎలిజబెత్, ఆస్పత్రిలో ఎందరో తల్లుల పక్కన నిలబడిన మనిషి, ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చీర చెంగు చుట్టుకుంది. అప్పుడు రాజేశ్ మాట్లాడాడు.

"నా పోలికే అన్నారు అత్తయ్య. నాకలా అనిపించలేదు. నీకు కోపం వస్తే పై పెదవి బిగిస్తావు చూడు. అలా బిగించుకుని ఉన్నాడు."

"జుట్టు?"

"బోలెడు. తడిగా నుదుటికి అంటుకుని ఉంది."

"పాదాలు పెద్దవి," అంది ఎలిజబెత్, ఎవరో లోపలి నుంచి తోసినట్టు. "మా నాన్నవి. వేళ్ళు కూడా అంతే, రెండోది పొడుగు. స్నానం నేనే చేయించాను."

"వేడినీళ్ళా?"

"గోరువెచ్చగా. మోచెయ్యి పెట్టి చూసుకున్నాను." ఆ మాటతో ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే చెప్పింది. తెల్లటి మెత్తటి గుడ్డ, చీరాల నుంచి తను తెచ్చిందే, దాంట్లోనే చుట్టింది. చెవి వెనక చిన్న మచ్చ ఉంది. కుడి చెవి. కాదు, ఎడమది. రాజేశ్ ఎడమదే అన్నాడు. జ్యోత్స్న ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. గోళ్ళు ఉన్నాయా? రంగు? బరువుగా ఉన్నాడా? ఎవరు ముందు ఎత్తుకున్నారు? తెలిసినవన్నీ వాళ్ళు చెప్పారు. తెలియని చోట తెలియదన్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. ఒక్క మాట కూడా జారిపోకూడదన్నట్టు వింటోంది.

"ఎలా ఎత్తుకున్నావు?" అని రాజేశ్‌ను అడిగింది.

అతను ఒళ్ళో పడ్డ చిక్కుడు ముక్కలను దులిపేసుకున్నాడు. ఎడమ చెయ్యి మడిచి, కుడి చెయ్యి దాని కింద పెట్టాడు. ఎంత ఎత్తులో, ఎంత దగ్గరగా అన్నది ఒకసారి సరిచేసుకున్నాడు. తర్వాత ఆ చేతులు కదల్చలేదు.

"ఇలా," అన్నాడు.

జ్యోత్స్న మోకాళ్ళ మీద ముందుకు జరిగి, ఆ చేతుల వంపులోకి వంగి చూసింది.